మూడేళ్ల గడువు

1898లో పల్లత్తూరు నుంచి పద్నాలుగేళ్ల కుర్రాడొకడు బర్మా ఓడెక్కాడు. ఆ ఊరు నేటి తమిళనాడులో శివగంగ జిల్లాలో ఉంది. బంధువుల వడ్డీ కొట్లో పని నేర్చుకోవడానికి అతని ప్రయాణం. పేరు మురుగప్ప చెట్టియార్. 1900లో బర్మాలోని మౌల్మీన్‌లో ఆయన వడ్డీ వ్యాపారం మొదలైంది. మురుగప్ప గ్రూపు తన చరిత్రను ఆ ఏడాది నుంచే లెక్కపెట్టుకుంటుంది. తెలుగు పల్లెల్లో ఎరువుల కొట్టు మీద కనిపించే గ్రోమోర్ బోర్డు, సికింద్రాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న కోరమాండల్ సంస్థ ఇప్పుడు ఆ గ్రూపువే.

ఇలాంటి కథల్ని మనం ఒక్క మనిషి పట్టుదలగా చెప్పుకుంటాం. మురుగప్ప చెట్టియార్ పట్టుదలను ఎవరూ కాదనలేరు. కానీ ఆయన వెళ్లిన దారినే ఆ కాలంలో వేలమంది కుర్రాళ్లు వెళ్లారు. వాళ్లందరినీ పంపింది ఒక కట్టుబాటు. సొంత డబ్బు లేని కుర్రాణ్ని వ్యాపారిగా నిలబెట్టడానికి ఏమేం కావాలో, అందుకు ఇంట్లో ఎవరెవరు ఏం వదులుకోవాలో ఆ కట్టుబాటు ముందే తేల్చి పెట్టింది.

కారైక్కుడి, దేవకోట్టై, కానాడుకాత్తాన్ చుట్టూ ఉన్న మెట్ట ప్రాంతం చెట్టినాడు. వానలు తక్కువ, నమ్ముకోదగ్గ ఏరు లేదు. అక్కడి నాటుకోట చెట్టియార్లు తమను తాము నగరత్తార్లమని చెప్పుకుంటారు. కావేరి కడలిలో కలిసే చోట ఉన్న పూంపుహారు నుంచి వలస వచ్చామని వాళ్ల కులకథ. ఇళయాత్తంగుడి, మాత్తూరు, పిళ్లైయార్‌పట్టి మొదలైన తొమ్మిది కోవెళ్లకు చెందిన కుటుంబాలు వాళ్లు. ఇప్పుడు డెబ్భై పైచిలుకు ఊళ్లలో ఉన్నారు. వాళ్ల వ్యాపారం ఉప్పుతో మొదలైంది. తర్వాత బియ్యం, పత్తి అమ్మారు, జమీందార్లకు అప్పులిచ్చారు. ఇంగ్లీషువాళ్లు సముద్రం దాటి సింహళానికి, మలయాకు, బర్మాకు వెళ్తే వాళ్ల వెనకే వీళ్లూ వెళ్లారు. సింగపూర్‌లో ట్యాంక్ రోడ్డు మీద వీళ్లు దండాయుధపాణికి గుడి కట్టింది 1859లో. ఏ రేవులో దిగినా ముందు కుమారస్వామికి ఒక చోటు చూసి, ఆ తర్వాతే కొట్టు తెరిచేవారు.

అసలు ఐశ్వర్యం బర్మాలో దొరికింది. 1852 యుద్ధంతో దక్షిణ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో ఐరోపాకు బియ్యం పంపడం తేలికైంది. ఐరావతి డెల్టా అప్పటికి ఎక్కువగా అడవి, చిత్తడి. అడవి నరకాలి, గట్లు వెయ్యాలి, దుక్కిటెడ్లు కొనాలి, పంట చేతికొచ్చేదాకా తిండి చూసుకోవాలి. దీనికంతటికీ రైతుకు డబ్బు కావాలి. రంగూన్‌లోని తెల్లవాళ్ల బ్యాంకులు పల్లె రైతు ముఖం చూసేవి కావు. ఆ ఖాళీలోకి చెట్టియారు వచ్చాడు. పందొమ్మిదో శతాబ్దం నడుమ 10 లక్షల ఎకరాలు కూడా లేని దక్షిణ బర్మా వరి సాగు 1930ల నాటికి 80 లక్షల ఎకరాలు దాటింది. ఆ భూమిని దున్నింది బర్మా రైతు. మదుపులో పెద్ద భాగం చెట్టియార్లది.

ఇంత మదుపు పెట్టే కొట్లలోకి చెట్టినాడు కుర్రాడు ఎలా అడుగుపెట్టేవాడు?

పదీ పన్నెండేళ్లకే. ఊరి బడిలో వాడికి నేర్పేది ముఖ్యంగా ఎక్కాలు. అంకెల ఎక్కాలతో పాటు అరలు, పావులు, అరపావులు, వీసాల ఎక్కాలు కూడా. కాగితం ముట్టకుండా వడ్డీ చెప్పగలగాలి. తర్వాత ఏదో ఒక కొట్లో ‘పొడియన్’గా చేరేవాడు. నీళ్లు పట్టడం, కబుర్లు మోయడం, కొట్టు ఊడవడం వాడి పని. కొన్నాళ్లకు డబ్బుపెట్టె పక్కన కూర్చోనిస్తారు, అప్పుడు వాడు ‘పెట్టియడి పయ్యన్’. రూపాయి నాణెం మోగించి మంచిదో చెడ్డదో చెప్పాలి, రాత్రి పెట్టె మూసేలోగా పైసాతో సహా లెక్క సరిపోవాలి. ఆపైన ‘అడుత్తాళ్’, అంటే ఏజెంటు తర్వాతి మనిషి. చిట్టా, ఆవర్జా వాడి చేతికొస్తాయి. చివరి మెట్టు ఏజెంటు. ముదలాళి, అంటే కొట్టు యజమాని, చెట్టినాడులోనే ఉంటాడు, సముద్రం అవతలి కొట్టు మొత్తం ఏజెంటు మాట మీద నడుస్తుంది.

ధనవంతుడి కొడుక్కీ ఈ మెట్లు తప్పేవి కావు. పైగా చాలామంది ముదలాళులు తమ కొడుకుల్ని సొంత కొట్లో కాక మరొకరి కొట్లో పనికి పెట్టేవారు. ఇంటి కొట్లో గారాబం ఉంటుంది, పొరుగు కొట్లో పని ఉంటుంది. ఈ ఒక్క ఏర్పాటుతో రెండు లాభాలు కలిగాయి. డబ్బున్నవాడి కొడుక్కి పని వచ్చింది, డబ్బులేనివాడి కొడుక్కి డబ్బున్నవాళ్లతో ఒకే చాప మీద కూర్చునే పరిచయం దొరికింది. రేపు వాడు సొంత కొట్టు పెట్టాలనుకున్నప్పుడు ఆ పరిచయమే అప్పు పుట్టించేది.

ఏజెంటు ఉద్యోగానికి గడువు మూడేళ్లు. ఒప్పందం రాసుకునేటప్పుడే మూడేళ్ల జీతం తేల్చుకుంటారు. అందులో కొంత బయల్దేరే ముందే చేతిలో పెడతారు. ఇంటి ఖర్చుకు అదే ఆధారం. మిగతాది లెక్కలో ఉంటుంది. గడువు తీరి, పుస్తకాలు తెచ్చి ముదలాళి ముందు లెక్క ఒప్పజెప్పాక జీతం పైకం, లాభంలో కొంత వాటా ముడుతాయి. కొన్ని నెలలు ఇంటి దగ్గర ఉండి మళ్లీ మూడేళ్లకు ఓడెక్కుతాడు. అలా రెండు మూడు గడువులు తిరిగి, జీతమూ వాటా కూడబెట్టి, అదే కొట్లో వడ్డీకి వేసి, ఆ సొమ్ముతో సొంత విలాసం పెట్టుకోవడమే అందరి ఆశ. కొట్టు పేరును వాళ్లు విలాసం అంటారు, అది తాతతండ్రుల పేర్లలోని పొడి అక్షరాల వరస. ఆ ఆశ అందరికీ నెరవేరలేదు. కొంతమంది ముసలితనం దాకా ఏజెంట్లుగానే ఉండిపోయారు.

ఆ మూడేళ్లూ గడిచే చోటు కిట్టంగి. పొడుగాటి హాలు, బజారు వీధి మీదికి తలుపు. సింగపూర్‌లో మార్కెట్ స్ట్రీట్‌లో, రంగూన్‌లో మొగల్ స్ట్రీట్‌లో ఇవి బారులు తీరి ఉండేవి. ఒక్కో కిట్టంగిలో ఎన్నో విలాసాల ఏజెంట్లు అద్దెకు దిగేవారు. ఒక్కొక్కడికీ దక్కేది గోడవారగా చాప పట్టేంత జాగా, ఒక పెట్టె, నేల మీద కూర్చుని రాసుకోవడానికి పొట్టి బల్ల. పగలు అదే కొట్టు, రాత్రి అదే పడక. వంటవాణ్ని అందరూ కలిసి పెట్టుకునేవారు. లక్షల రూపాయల పత్రాలున్న పెట్టెకు తల ఆనించి, చొక్కా కూడా లేకుండా నేల మీద నిద్రపోయే మనిషిని చూసి తెల్ల అధికారులు ఆశ్చర్యపడి రాసుకున్నారు. ఆ పొదుపులో ప్రదర్శన ఏమీ లేదు. అద్దె తగ్గితే వడ్డీకి తిరిగే సొమ్ము పెరుగుతుంది, అంతే.

భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లే ఆచారం చాలాకాలం లేదు. పెళ్లయిన ఆరు నెలలకో ఏడాదికో ఓడెక్కినవాడికి, అప్పటికి కడుపులో ఉన్న బిడ్డ మొదటిసారి కంటపడేది నడకా మాటా వచ్చాకే. ఉత్తరమొక్కటే ఊతం. చెట్టినాడు ఊళ్లలో మూడు తరాల పాటు పడుచు మగవాళ్లు అరుదుగా కనిపించారు. మహామహా ఇళ్లన్నీ ఆడవాళ్లే నడిపారు.

ఆ నడపడం వ్యాపారానికి బయటి సంగతి కాదు. ఈ చరిత్రలో తక్కువగా చెప్పుకునే భాగం ఇదే, అందుకే కాస్త నిలబడి చూడాలి. నగరత్తార్ ఇంట్లో కొడుక్కి పెళ్లయితే ఆ జంట ఒక ‘పుళ్లి’. కోవెల పన్ను లెక్కలోనూ వాళ్లది వేరే పద్దు. పెద్దింట్లోనే ఉంటారు, కానీ పొయ్యి వేరు. పెద్దలు ఒక గది, ఏడాదికి సరిపడా బియ్యం, పప్పు, నూనె, కొంత పైకం ఇచ్చేవారు. అందులోనే గడుపుకోవాలి. పక్క పొయ్యి దగ్గర అత్త వండుకుంటూనే ఉంటుంది, కానీ కోడలి డబ్బాలో పప్పు అయిపోతే అది కోడలి లెక్క. సముద్రం అవతల భర్త పొదుపు నేర్చుకుంటుంటే ఇవతల భార్య, వాళ్ల మాటలో ‘ఆచ్చి’, అదే విద్యను మరో గదిలో నేర్చుకునేది.

పెళ్లిలో ఆమెకు పుట్టింటివాళ్లిచ్చిన సొమ్ము ఆమె పేరనే ఉండేది. దాన్ని దాచిపెట్టరు, నమ్మకమున్న విలాసంలో ఆమె ఖాతాకు జమవేసి వడ్డీకి తిప్పుతారు. ఏ పడుచు ఏజెంటయినా సొంత కొట్టు పెట్టే రోజు వస్తే మొదట కదిలేది తరచు ఆ సొమ్మే. దానికి మామగారి డిపాజిట్టు, కోవెల నిధి నుంచి తెచ్చిన అప్పు, పాత ముదలాళి ఇచ్చే అప్పు తోడవుతాయి. అందుకే కొద్ది పెట్టుబడితో మొదలైన కొట్టు అని చెప్పుకున్నప్పుడల్లా ఆ కొద్దిలో ఒక స్త్రీ పసుపు కుంకుమల సొమ్ము ఎంతుందో అడగాలి. చెట్టియార్ల లెక్కల పుస్తకాలు, కుటుంబ సంబంధాలు పరిశీలించి 1994లో పుస్తకం వెలువరించిన అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు డేవిడ్ రడ్నర్ కూడా పెళ్లి సంబంధాలనూ కోవెళ్లనూ బ్యాంకు నిర్మాణంలో భాగంగానే చూపించాడు.

ఒక విలాసానికి నగదు కొరత వస్తే పక్క విలాసం చేబదులిచ్చేది. అలా తమలో తాము ఇచ్చుకునే అప్పు మీద వడ్డీ రేటును రంగూన్ చెట్టియార్లు నెలకోసారి గుడిలో కూడి తేల్చుకునేవారు. ఆ రేటును నడప్పు అనేవారు. వ్యాపారంలో కొంత శాతం మగమై పేరుతో కోవెలకు వెళ్లాలి. మాట తప్పినవాడికి మర్నాడు అప్పు పుట్టదు, పిల్లనిచ్చేవారు ఉండరు, గుడిలో మర్యాద దక్కదు. రంగూన్‌లో చేసిన తప్పు కబురు దేవకోట్టై చేరడానికి ఒక్క ఓడ ప్రయాణం చాలు. ఈ కట్టడి భరించరానిదిగా కొందరికి అనిపించి ఉంటుంది. కానీ డబ్బులేని ఇరవయ్యేళ్లవాడికి వేల రూపాయలు నమ్మి అప్పగించగలిగింది దాని వల్లే. 1930లో బర్మా బ్యాంకింగు విచారణ సంఘం లెక్క వేసినప్పుడు ఆ దేశంలో చెట్టియార్ల కొట్లు 1,600 దాటాయి, వాటిలో తిరిగే సొమ్ము సుమారు 75 కోట్ల రూపాయలు.

ఇదే రంగూన్ నగరానికి, ఇవే ఏళ్లలో, మన తెలుగువాళ్లూ వెళ్లారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు రంగూన్‌కు తిరిగేవి. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో ‘రంగం వెళ్లాడు’ అంటే బతుకుతెరువుకు రంగూన్ వెళ్లాడని అర్థం. బర్మావాళ్లు తెలుగువాళ్లను కోరంగీలని పిలిచారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర పైగా తేలారు. రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసింది, బియ్యపు మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా తెలుగువాళ్లు.

చెట్టియార్ కుర్రాడూ తెలుగు కూలీ ఇద్దరూ బయల్దేరే ముందే పైకం తీసుకున్నారు. ఇద్దరూ ఇల్లాలిని ఊళ్లో వదిలారు. ఇద్దరూ రంగూన్‌లో నేల మీదే పడుకున్నారు. అయితే చెట్టియారు తీసుకున్నది జీతంలో ముందస్తు, కూలీ తీసుకున్నది మేస్త్రీ దగ్గర బాకీ. మేస్త్రీ పల్లెకొచ్చి, ఓడ ఛార్జీ కట్టి, ఇంట్లో నాలుగు రూపాయలు పెట్టి తీసుకెళ్తాడు. అక్కడ ఆ బాకీ, దాని మీద వడ్డీ, మేస్త్రీ వాటా కూలిలోంచి కోసుకుంటాడు. మేస్త్రీ మీద పెద్ద మేస్త్రీ, అతని మీద కాంట్రాక్టరు. ఒకరి మూడేళ్లు వాటాగా మారాయి, మరొకరి మూడేళ్లు బాకీ తీర్చడానికే సరిపోయాయి. తెలుగువాడు ఖర్చుమనిషి కావడం వల్లో తెలివి తక్కువ కావడం వల్లో ఇలా జరగలేదు. అతనికి ఎక్కాలు నేర్పిన బడి లేదు, అప్పు ఇప్పించే కోవెల లేదు, పొరుగు కొట్టు లేదు. కష్టపడి పైకొచ్చారని కొందరిని మెచ్చుకునేటప్పుడు, అంతే కష్టపడి పైకి రాని ఈ మనుషుల్ని పక్కన పెట్టుకుని మెచ్చుకోవాలి. ఆ కూలి పనికీ భద్రత లేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె ముగిశాక, వాళ్ల స్థానంలో పెట్టిన బర్మా కూలీలను పంపేయడంతో గొడవ రేగింది. అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది భారతీయులు.

ఆ ఏడాదే వడ్ల ధర కూలడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి సగానికి పడిపోయింది. అప్పు తీర్చలేని బర్మా రైతు తాకట్టు పెట్టిన భూమి చెట్టియారుకు వచ్చిపడింది. దక్షిణ బర్మాలోని 13 ముఖ్య వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి నూటికి 6 ఎకరాలు. 1938 నాటికి అది నూటికి 25 అయింది. చెట్టియారు కోరుకున్నది భూమి కాదు, తిరిగే రొక్కం. పొలం అతనికి ఇరుక్కుపోయిన డబ్బు. కానీ తాత నరికిన అడవిలో కౌలుదారుగా మిగిలిన రైతుకు ఆ వివరణ ఏం ఉపయోగం? థారావడి జిల్లాలో సయా శాన్ నాయకత్వంలో 1930 డిసెంబరులో రైతులు తిరగబడ్డారు. వాళ్ల కోపం దొరతనం మీదా పన్నుల మీదా మొదలై అప్పులవాళ్ల మీదికీ మళ్లింది. చెట్టినాడులో కోడలు పప్పు పొదుపు చేసిన రూపాయి, బర్మాలో హెంజాడలోనో పెగూలోనో మరో ఇల్లాలి పొలం మీద తాకట్టుగా కూర్చుంది. ఈ రెండో ఇల్లాలిని వదిలేసి మొదటి ఇల్లాలి త్యాగం మాత్రమే చెప్తే అది సగం చరిత్రే.

కొందరు గాలివాటం ముందే పసిగట్టారు. మురుగప్ప చెట్టియార్ కుటుంబం 1930లలో ఆస్తుల్ని భారతదేశానికి మళ్లించింది. 1937లో ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకును కారైక్కుడి, మద్రాసు, రంగూన్‌లలో ఒకే రోజు తెరిచాడు. పాతకాలపు కిట్టంగి నుంచి కొత్తకాలపు బ్యాంకుకు అది పెద్ద అడుగు. మిగతావాళ్లకు వ్యవధి దొరకలేదు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ సేనల వశమైంది. సుమారు ఐదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. ఓడ దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన నడిచారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలమంది దారిలోనే పోయారు. ఆ నడకలో ఏజెంటూ కూలీ ఒకే దారి పట్టారు. 1948లో స్వతంత్ర బర్మా భూమిని జాతీయం చేసే చట్టం తెచ్చింది. 1963, 64లలో సైనిక ప్రభుత్వం కొట్లనూ బ్యాంకుల్నీ స్వాధీనం చేసుకోవడంతో మిగిలినవాళ్లూ వెనుదిరిగారు.

బర్మా టేకు స్తంభాలతో, ఇటలీ పాలరాయితో కట్టిన ఇళ్లు కానాడుకాత్తాన్‌లో ఈనాడు పర్యాటకులు చూసే వస్తువులు. వాటిలో కొన్ని హోటళ్లయ్యాయి. చెట్టియార్ల లెక్కల పుస్తకాలు మాత్రం పరిశోధకుల చేతికి అందాయి, పుస్తకాలకెక్కాయి. రంగం వెళ్లొచ్చిన తెలుగువాళ్ల సంగతి అలా లేదు. విశాఖలో బర్మా క్యాంపు పేరుతో ఒక బస్తీ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల్లో తాతో ముత్తాతో రంగూన్ రేవులో పనిచేసిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లలో అటక మీది పెట్టెలో పాత ఓడ టిక్కెట్టో, మనియార్డరు రసీదో, మేస్త్రీ రాసిన బాకీ కాగితమో, భర్త కోసం ఎదురుచూసిన అవ్వకు వచ్చిన ఉత్తరమో ఉండొచ్చు. దయచేసి వాటిని పాత కాగితాలవాడికి వెయ్యకండి. ఫొటో తీసి ఊరి గ్రంథాలయానికో, దగ్గర్లోని విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకో ఒక నకలు ఇవ్వండి. ఇంట్లో ఆ రోజులు గుర్తున్న పెద్దవాళ్లుంటే ఈ ఏడాదే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి.